మర్యాదస్తుల డబుల్స్

"కోర్టులో హోదా లేదు! ఎదుట ఉన్నది అధికారో కాదో బంతికి తెలియదు!"

ఆగస్టు పధ్నాలుగో తేదీ ఉదయం, సోలో నగర క్రీడాశాఖ వారి టెన్నిస్ కోర్టులో ఈ మహావాక్యం వెలువడింది. సెలవిచ్చినవారు జకార్తా నుంచి వేంచేసిన డైరెక్టరు బు టియూర్మా. హాజరైనవారు: ఆమె సహాయకుడు, నగర క్రీడాశాఖాధిపతి పాక్ హర్యోతో, మాజీ వృత్తి క్రీడాకారుడు లంగ్గెంగ్, చప్పట్ల నిమిత్తం సిబ్బంది యావన్మందీ. అక్కడి మన్ననలో 'బు' అంటే అమ్మగారు, 'పాక్' అంటే అయ్యగారు, 'మాస్' అంటే తమ్ముడు.

లంగ్గెంగ్‌కు ఇది జీవన్మరణ సమస్య. అతణ్ణి శిక్షకుడిగా నియమించే ఉత్తర్వు డైరెక్టరుగారి సంచిలో సంతకం కోసం నిరీక్షిస్తోంది. ఇరవయ్యేళ్లుగా సర్వీసు చేస్తూ వచ్చినవాడే గానీ, సర్వీసులో చేరిన పాపాన పోలేదు!

ఆటకు ముందు హర్యోతో అతణ్ణి టీ బల్ల చాటుకు లాక్కుపోయాడు.

"ఇటు చూడు, మాస్ లంగ్గెంగ్. బు గెలవాలి. కానీ మనం కావాలని ఓడామని ఆవిడకి తెలియకూడదు."

"అదెలాగండీ, పాక్?"

"మనం సోలో వాళ్లమయ్యా, మర్యాదకి పెట్టింది పేరు! బంతి మన మధ్యకొస్తే నేను నీకు 'మొంగ్గో' అంటా, నువ్వు నాకు 'మొంగ్గో' అను. ముందు తమరంటే ముందు తమరు! ఈలోగా బంతి దాని దారిన అది పోతుంది. మర్యాద చేస్తూ ఓడిపోతే తప్పెవడు పడతాడు?"

"మధ్యకి రాకపోతేనో?"

"నీ పక్కకొచ్చినా నాకే ఇయ్యి. పెద్దవాణ్ణి కానూ!"

లంగ్గెంగ్ తన ఆటజీవితాన్ని ఒకసారి తలుచుకున్నాడు. మనీలాలో ఓడాడు, చియాంగ్‌మైలో ఓడాడు, సొంత ఊళ్లోనూ ఓడాడు. కానీ ఓడడానికి ఎన్నడూ ప్రయత్నించి ఎరగడు. ఆ విద్య అతనికి అప్రయత్నంగానే సిద్ధించింది. ఇక ప్రయత్నించి కూడా ఓడలేకపోతానా అని ధైర్యం తెచ్చుకున్నాడు.

ఆట మొదలైంది. అటు బు, ఆమె సహాయకుడు; ఇటు హర్యోతో, లంగ్గెంగ్. బు టియూర్మా బంతిని కొట్టరు, శిక్షిస్తారు. మొదటి బంతి రివ్వున ఇద్దరి మధ్యకూ వచ్చింది.

"మొంగ్గో, మాస్!"

"అయ్యో, మొంగ్గో, పాక్!"

ఇద్దరూ నడుములు వంచి దారి ఇచ్చారు. బంతి వారి మర్యాదను దాటి, గీతను దాటి, టీ బల్ల మీది గ్లాసును పగలగొట్టింది. అంత చప్పుడయ్యాక అది లోపలే పడిందనడం అంపైరు వల్ల కూడా కాలేదు.

రెండోదీ అంతే. మూడోదీ అంతే! వదిలేసిన ప్రతి బంతీ బయటే పడుతోంది. మర్యాద పెరిగినకొద్దీ వీళ్ల పాయింట్లు పెరిగాయి.

"మొంగ్గో మానెయ్! బయటికి కొట్టు, బయటికి!" హర్యోతో పళ్లబిగువున గొణిగాడు.

లంగ్గెంగ్ బయటికే కొట్టాడు. ఇరవయ్యేళ్లు లోపలికి కొడితే బయటపడిన బంతులు, ఈవేళ బయటికి కొడితే గీతను ముద్దుపెట్టుకుని మరీ లోపల పడ్డాయి! ఆరు–సున్నా. ఈ ఆటలో సున్నాను ప్రేమ అంటారు. ఆ ప్రేమంతా డైరెక్టరుగారికే దక్కింది.

చప్పట్లకు వచ్చినవారు చేతులు వెనక్కి దాచుకున్నారు. ఉత్తర్వు చిరిగిన చప్పుడు లంగ్గెంగ్ చెవులకు ముందే వినిపించింది. బు టియూర్మా రొప్పుతూ దగ్గరికి వచ్చారు.

"మెడాన్ నుంచి మకస్సర్ దాకా నాతో ఆడినవాడల్లా ఓడిపోయేవాడే! వెధవ ముఖస్తుతి! ఇన్నాళ్లకి ఒక్క నిజాయితీపరుడు దొరికాడు. నిజం చెప్పు తమ్ముడూ, గెలవాలనే ఆడావు కదూ?"

నిజం చెబితే నిజాయితీ పోతుంది; దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది. లంగ్గెంగ్ రాకెట్‌ను చంకన పెట్టుకుని చేతులు జోడించాడు.

"గెలవాలనే ఆడానండీ, బు."

"నేనూనండీ!" ఈసారి హర్యోతో ఎవరికీ దారి ఇవ్వకుండా ముందుకు దూకాడు.

ఉత్తర్వు మీద అక్కడికక్కడే సంతకమైంది. దాని వెంట రివాజు ప్రకారం నిజాయితీ ప్రమాణపత్రం వచ్చింది: "ఆట ఫలితం విషయమై ఎన్నడూ, ఎవరినీ వంచించను." లంగ్గెంగ్ కలం అందుకున్నాడు. డైరెక్టరుగారు గొంతు తగ్గించారు.

"వచ్చే నెల మంత్రిగారు వస్తున్నారు. ఆయనా టెన్నిస్ ఆడతారు."

"సంతోషమండీ."

"ఆయన నాలా కాదయ్యా. ఓడితే ఒంటికి పడదు. నువ్వు కాస్త చూసుకోవాలి."

"బు, నాకు... ఓడడం చేతకాదండీ!"

"శిక్షకుడివేగా? నీకు నువ్వే నేర్పుకో. ఊఁ, పెట్టు సంతకం!"

లంగ్గెంగ్ వంచించనన్న వాక్యం కింద నిండుగా సంతకం చేశాడు. తన వంతు ప్రమాణపత్రం నకలును నాలుగు మడతలు పెట్టి, రాకెట్ సంచి అడుగున పాత సాక్సుల కింద భద్రంగా దాచాడు.