గంటకో చుక్క

ఆ రోజు జగన్నాధం పెట్టుకున్న పని ఒక్కటే. కిటికీకి దుప్పటి కట్టించి, చీకటి గదిలో మంచం మీద పడుకుని, గంటకోసారి కంట్లో చుక్క వేయించుకోవడం. ఆమదాలవలసలో ధాన్యం షావుకారు దగ్గర కాటా చూసే మనిషికి కోతల కాలంలో ఇలాంటి సెలవు దొరకడం మాటలు కాదు. ఎడమ కన్ను పోతుందేమోనన్న భయం లేకపోతే హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయేవాడే.

కన్ను ఎర్రబడి చాలా రోజులైంది. ధాన్యం దుమ్ము అనుకుని నీళ్ళు కొట్టుకుంటూ వచ్చాడు. కాటా మీది అంకెలు అలుక్కుపోయినట్టు కనబడేసరికి గుండె జారి శ్రీకాకుళం పరుగెత్తాడు. కంటి లోపల వాపు ఉందనీ, స్టెరాయిడ్ చుక్కలు వాడాలనీ డాక్టరు చెప్పాడు. "సీసా బాగా కుదిపి, మెలకువగా ఉన్నంతసేపూ గంటగంటకీ వెయ్యాలి. వారం పోయాక రండి, మెల్లగా నేనే తగ్గిస్తాను. మీ అంతట మీరు మానేశారో, చూపు దక్కదు," అన్నాడు. ఆ ఆఖరి మాట జగన్నాధం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

పొద్దెక్కాక భార్య దాలమ్మ ఫోను మోగింది. శ్రీముఖలింగం నుంచి ఆవిడ అన్న నరసింగరావు. ఆయనకో గుణం ఉంది. ఎదుటివాళ్ళ మాటను సగంలో అందుకుని, మిగతా సగం తనే పూర్తి చేసుకుంటాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ బావ ముందు జగన్నాధం ఒక్క వాక్యమైనా చివరిదాకా చెప్పిన పాపాన పోలేదు.

"బావేడే? పన్లోకెల్లీసినాడా?" అన్నాడు నరసింగరావు.

"ఏటెల్తారన్నా, తొంగున్నారు. కన్ను సూస్తే సింతనిప్పే. గంటకోపాలి మందేస్తన్నాను."

"నువ్వేస్తన్నావా?"

"నానెయ్యకపోతే ఎవులేస్తారు? ఆయనకి సెయ్యి వణుకుతన్నాది. సగం ఒలకబోసుకుంటన్నారు."

"పొద్దున్నే మొదలెట్టేస్తన్నాడా?"

"లెగిసీ లెగవకముందే ఓ సుక్క పడాల."

"మానిపించలేవేటే!"

"అమ్మో, ఒక్కపాలిగా మానకూడదంట. డాక్టరే సెప్పాడు. మెల్లిగా తగ్గించాలంట."

ఇంకేం వినాలి? నరసింగరావు ఫోను పెట్టేసి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. చుక్క ముట్టని బావ ఇలా అయిపోయాడే అని నిజంగానే కుమిలిపోయాడు. ఆయన మాత్రం రోజూ చీకటిపడగానే పెరట్లో ఓ సీసా ఖాళీ చేస్తాడు. అది ఒళ్ళు నొప్పులకి, ఆయన లెక్కలో తాగుడు కిందకి రాదు.

మధ్యాహ్నానికి భార్య గురమ్మతో ఆటోలో దిగాడు. చేతిలో పళ్ళెం, కర్పూరం, ముఖలింగేశ్వరుడి విభూతి. అంతటితో ఊరుకున్నాడా? దారిలోనే షావుకారుకి ఫోను చేసి, "పెద్దమనిషివి, నువ్వూ ఓ మాట సెప్పాల బాబూ," అని కూడా పిలిచాడు. షావుకారు సోములు బండి మీద వాళ్ళకంటే ముందే వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాడు. ఊళ్ళో రైతులంతా నమ్మేది ఆ కాటాని. దాని దగ్గర తాగుబోతు ఉన్నాడంటే రేపు గుమ్మం తొక్కేదెవరు?

గది తలుపు బార్లా తెరుచుకుంది. నరసింగరావు, ఆయన వెనకే షావుకారు లోపలికొచ్చి కూర్చున్నారు. వెలుతురు సూదిలా కంట్లో గుచ్చుకుంటే జగన్నాధం నల్ల కళ్ళజోడు తడుముకుని పెట్టుకున్నాడు. నరసింగరావు దాన్ని తీసేసి చూసి, "అయ్యో నా బావా!" అని గొల్లుమన్నాడు.

"బావా, ఇది కంటికి..."

"కంటికింపుగానే ఉంటాది బావా. లోపలికెల్లినాకే కొంప తీస్తాది."

వంటింట్లో దాలమ్మ చుట్టాలకి అన్నం పడేసి, చుక్క వేసే వేళ దాటిపోయిందని కొంగుకి చేతులు తుడుచుకుంటూ లేచింది. గురమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "సేతులారా మొగుడికి పొయ్యడానికి సిగ్గునేదేటే నీకు?"

"అది కంట్లో, వదినా..."

"కంట్లో ఎట్టుకుని సూసుకున్నావు గాబట్టే ఇలా తయారయ్యాడు!" అంటూ తలుపు మూసి గడియ పెట్టి, తలుపుకు ఆనుకుని నిలబడింది. ఇన్నేళ్ళ కాపురంలో గురమ్మకి మొగుడి గుణం అంటుకోకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడ జగన్నాధం కన్ను లోపల్నుంచి పొడుస్తోంది. గోడ గడియారం మసగ్గా తప్ప కనబడడంలేదు. "దాలమ్మా! టైమైపోనాది, మందు!" అని అరిచాడు.

"సూసినావా బాబూ? పెద్దోలున్నారన్న బయం కూడా నేదు," అన్నాడు నరసింగరావు. పళ్ళెంలో కర్పూరం వెలిగించి బావ ముందు పెట్టాడు. "మందు ముట్టనని ముఖలింగేశ్వరుడి మీద ఒట్టేసి ఆర్పు!"

జగన్నాధానికి విసుగు, నీరసం ముంచుకొచ్చాయి. ఏదో ఒకటి అనేసి, ఆర్పేసి పడుకుందామనిపించింది. కానీ దేవుడి ముందు అబద్ధం ఎలా ఆడటం? ఒట్టుకి కట్టుబడితే మరీ కష్టం, కన్నే పోతుంది.

"సచ్చినా ఒట్టెయ్యను. మందు మానితే నా సూపు పోతాది," అన్నాడు.

షావుకారు నిట్టూర్చి లేచాడు. "ఇంత ముదిరిపోనాదని నానెరగను జగన్నాధం. రేపట్నుంచి కాటా కాడికి రాకు."

ఆ మాటతో జగన్నాధానికి ఏడుపొచ్చింది. కన్ను పోయేలా ఉంది, పనీ పోయింది. అడ్డుపడ్డ వాక్యాలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. బొటబొటా నీళ్ళు కారుతుంటే చూసి నరసింగరావు మనసు వెన్నలా కరిగింది. ఆవేశంలో ఆయన్ని పట్టేవాళ్ళెవరు?

"ఒక్కడివే మాన్లేవు బావా. నీకు తోడు నానూ మానేస్తన్నాను. ఇయ్యాల్టి నుంచి మందు నోటెడితే ఆ ముఖలింగేశ్వరుడే సూసుకుంటాడు!" అని అరచేత్తో ఠపీమని కర్పూరం ఆర్పేశాడు.

ఆ అరుపు వంటింట్లోకి వినబడింది. గురమ్మ తన చెవుల్ని తనే నమ్మలేక, గడియ తీసి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ వెనకే దాలమ్మ, చిటికెన వేలంత సీసా గబగబా కుదుపుతూ వచ్చి, "తలెత్తండి, ఏలైపోనాది," అని మొగుడి కంట్లో ఒక్క చుక్క వేసింది.

షావుకారు సీసా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కంటి మందు కదయ్యా!"

"కంటిలోపల వాపొచ్చింది, గంటకోపాలి ఈ మందెయ్యకపోతే సూపు పోతాదని డాక్టరు సెప్పాడు," అన్నాడు జగన్నాధం. ఎవరూ అడ్డు రాలేదు. వాక్యం పూర్తయింది.

షావుకారు సిగ్గుపడి, "కన్ను బాగయ్యాకే రా. కాటా ఎక్కడికీ పోదు," అని చెప్పి బండెక్కాడు.

"అయితే మరి నా ఒట్టూ..." అన్నాడు నరసింగరావు.

"దేవుడి ముందే ఆర్పీసినావు," అంది గురమ్మ. పళ్ళెంలోని కర్పూరం మసిని రెండు కళ్ళకీ అద్దుకుంది. పుట్టింటి వాళ్ళకి ఫోనులో చెప్పడం కూడా అయిపోయింది.

చీకటిపడింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయిందని చుట్టాలు అక్కడే ఉండిపోయారు. జగన్నాధం కోరుకున్న చీకటి గది ఎట్టకేలకు దొరికింది గానీ మంచం పక్కన నరసింగరావు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు నొప్పులు మొదలైనట్టున్నాయి, ఒకచోట కుదురుగా లేడు. కాసేపటికి చుక్కల సీసా తీసి, సెల్‌ఫోను వెలుగులో కుదిపి చూశాడు.

"బావా, ఇది నోట్లో ఏసుకుంటే ఏటవుతాది?"

మెల్లగానే అడిగాడు గానీ, గురమ్మ చెవిన పడనే పడింది. ఆ క్షణమే చుక్కల సీసా ఆవిడ కొంగుముడిలోకి చేరింది.