గోడకు ఆరు తన్నులు

అయిదున్నరకు లేవాలి. ఆరింటికల్లా బుడ్డదానికి పాలు పట్టాలి. ఎనిమిదిన్నరకు గడప దాటాలి. తొమ్మిదింటికి స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ముందు కూర్చుని, ఒక కాలరు వంకర పోకుండా కుట్టి చూపిస్తే అమ్మడికి ఉద్యోగం. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన తనకు అసలీ పిలుపు ఎలా వచ్చిందో ఆమెకే అంతుబట్టలేదు. మళ్లీ వస్తుందన్న నమ్మకం అంతకంటే లేదు. అందుకే పడుకునే ముందే బట్టలు, చెప్పులు, కత్తెర మంచం పక్కన వరసగా పెట్టుకుని, అవి అక్కడే ఉన్నాయో లేదోనని మూడుసార్లు లేచి చూసుకుంది.

ఇంత పకడ్బందీగా వేసుకున్న పథకంలో ఆమె మర్చిపోయింది ఒక్క తన పిక్కనే.

అయిదు కావస్తుండగా కుడికాలి పిక్క పట్టేసింది. నరాన్ని ఎవరో లోపలి నుంచి పట్టుకుని, తడిబట్ట పిండినట్టు మెలితిప్పుతున్నారు. నెల రోజులుగా ఇదే వరస. అరిచిందా, బుడ్డది లేస్తుంది. బుడ్డది లేస్తే అత్తగారు లేస్తారు. అత్తగారికి తెలిస్తే, "పొద్దస్తమానం మిషను తొక్కే ఉద్యోగం ఈ కాళ్లతోనా?" అంటారు. ఇక అంతే సంగతులు. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని, మోకాలు చాపి, ఎప్పటిలాగే అరికాలితో గోడను తన్నింది. ధన్. ధన్. ధన్. మూడో తన్నుకు పిక్క వదిలింది. హమ్మయ్య అనుకుని కళ్లు మూసుకుంది.

ఆ గోడకు అవతల నర్సమ్మగారు ఉంటారు. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. నిరుడు బుడ్డదానికి జ్వరంలో ఫిట్స్ వచ్చినప్పుడు, బస్సు డ్రైవరైన మొగుడు డ్యూటీలో ఉండటంతో అమ్మడు బెంబేలెత్తిపోయింది. మర్నాడే నర్సమ్మగారితో ఒప్పందం చేసుకుంది. గోడ మీద మూడు దెబ్బలు పడితే ఆవిడ ఉన్నపళంగా వచ్చేయాలి. తలుపు తాళంచెవి కూడా ఒకటి ఇచ్చి ఉంచింది. నర్సమ్మగారికి వినికిడి తక్కువన్న సంగతి ఒప్పందం వేళ ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. అందుకే నెల రోజుల తన్నుల్లో ఒక్కటైనా ఆవిడ చెవిన పడలేదు. అయితే నిన్న సాయంత్రమే ఆవిడ చెవికి మిషను పెట్టించుకున్నారు. ఆ సంబరంలో దాన్ని తీయకుండానే పడుకున్నారు.

రెండు నిమిషాల్లో తలుపు భళ్లున తెరుచుకుంది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో జ్వరం చూసే గొట్టం.

"ఎక్కడ పిల్ల? ఒళ్లు కాలుతోందా? మీ ఆయనకు ఫోను కొట్టేశాను, కంగారు పడకు!"

హాయిగా నిద్రపోతున్న బుడ్డది మొహం మీద టార్చి పడేసరికి కెవ్వుమంది.

"పిల్లకేం కాలేదండీ నర్సమ్మగారూ..."

"ఏమీ కాకపోతే ఆరు దెబ్బలు ఎందుకు కొట్టావు?"

"ఆరా? మూడే కదండీ?"

"నా చెవి మిషను కొత్తది పిల్లా. చీమ నడిచినా వినిపిస్తోంది. ఆరు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చాను."

ఈ గోలకు పక్క గదిలోంచి అత్తగారు బయటికొచ్చారు. ఎడమకాలు కుంటుతోంది. "తిమ్మిరెక్కిందిలే. నా సంగతి వదిలెయ్యండి. ఇంతకీ గోడ కొట్టిందెవరు?" అన్నారు తొందర తొందరగా.

అమ్మడు నోటికొచ్చింది అనేసింది. "ఎలుక అత్తయ్యా."

"ఎలుక గోడ కొట్టిందా?"

"బాగా పెద్దది అత్తయ్యా."

అత్తగారికి ఎలుక పేరు వింటే ఒంట్లో ప్రాణాలుండవు. తిమ్మిరి కాలితోనే స్టూలెక్కేశారు. మామగారు వడ్రంగి. పని మానేసి రెండేళ్లయింది, చేతులు ఊరికే ఉండలేక దురద పెడుతున్నాయి. "మంచం కిందే ఉంటుంది. విప్పేస్తే సరి!" అంటూ సుత్తితో హాజరయ్యారు.

ఇంతలో నర్సమ్మగారి ఫోను మోగింది. బస్టాండు నుంచి అమ్మడి మొగుడు. "పిల్లకు మళ్లీ ఫిట్సా అండీ?"

"పిల్లకు కాదయ్యా, ఎలుక!"

"ఎలుకకు ఫిట్సొస్తే నేనేం చెయ్యనండీ? బస్సు నిండా జనం ఉన్నారు!"

మంచం నాలుగు ముక్కలైంది. ఎలుక లేదు కానీ పరుపు కింద అరటితొక్క దొరికింది. కాళ్లు పట్టేసేవాళ్లు అరటిపండ్లు తింటే మంచిదని నర్సమ్మగారు ఒకసారి గుమ్మంలో కూర్చుని ఎవరికో చెబుతుంటే విని, అమ్మడు రోజుకొకటి దొంగచాటుగా తింటోంది.

"చూశారా? నెల్లాళ్లుగా పండ్లు మాయమైతే నన్నే కదా తిండిపోతునన్నారు!" మామగారు తొక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. "ఎంత శుభ్రంగా ఒలుచుకుందో! పనితనం తెలిసిన ఎలుక. మన గదిలో కూడా చూడాల్సిందే."

"అక్కడేం లేదు! అక్కడికి వెళ్లారంటే ఊరుకోను!" స్టూలు మీంచి అత్తగారు కేకేశారు.

మామగారు అప్పటికే వెళ్లారు, ట్రంకుపెట్టె జరిపారు, తిరిగొచ్చారు. చేతిలో పాత పేపరు పొట్లం, అందులో నాలుగు తొక్కలు. "ఇది ఇంకా ఘటికురాలు. మడతపెట్టి దాచుకుంటోంది."

ఏడున్నరైంది. బట్టల మీద మంచంకోళ్లు. చెప్పొకటి కనబడదు. మామగారు అమ్మడి కత్తెరతోనే మేకు పెకలిస్తుంటే ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. నిజం చెబితే ఎలుకతో పాటు ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే మామగారు గోడ దాకా వచ్చేలా ఉన్నారు.

అప్పుడు స్టూలు మీంచి పొలికేక. చప్పుడైనప్పుడల్లా మునివేళ్ల మీద లేచి లేచి, అత్తగారు కొయ్యబారిపోయారు.

"అమ్మో! పిక్క! పిక్క పట్టేసిందిరా దేవుడా!"

అమ్మడు ఒక్క గెంతులో వెళ్లి ఆవిడను కిందకు దింపి కూర్చోబెట్టింది. "మోకాలు చాపండి అత్తయ్యా. వేళ్లు మీ వైపుకు లాగుతున్నా. ఊపిరి బిగబట్టకండి. ఇదిగో, అయిపోయింది, అయిపోయింది." అరనిమిషంలో పిక్క మెత్తబడింది.

అత్తగారు కోడలి మొహంలోకి చూశారు. "ఇంత ఒడుపు నీకెక్కడిదే?"

"రోజూ చేసుకుంటున్నదే కదత్తయ్యా," అనేసి అమ్మడు నాలిక కరుచుకుంది.

నర్సమ్మగారు ఒక చేతి వేళ్లు మూడు, రెండో చేతి వేళ్లు మూడు ఎత్తి చూసుకున్నారు. "మూడూ మూడూ ఆరు," అన్నారు తృప్తిగా.

"మీరూనా అత్తయ్యా? మరి చెప్పలేదే?"

"ఎలా చెప్పమంటావు? అసలే కంగారు మనిషివి. నా కాళ్లిలా ఉన్నాయని తెలిస్తే బుడ్డదాన్ని నా మీద వదిలి వెళతావా? ఉద్యోగం వద్దని కూర్చుంటావు."

"మీకు తెలిస్తే నన్ను వెళ్లనివ్వరని నేను..."

"వెళ్లనివ్వనా? ఆ ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది నా చిన్ననాటి స్నేహితురాలే పిచ్చిదానా! నీ పేరు చెప్పమని దాని ప్రాణం తీసిందెవరనుకున్నావు?"

అమ్మడికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అత్తగారికి నవ్వొక్కటే వచ్చింది.

మామగారు సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డారు. "మరి ఎలుక?"

"రెండెలుకలూ మీ ఎదురుగానే కూర్చున్నాయి కదండీ," అన్నారు నర్సమ్మగారు.

ఎనిమిదింబావు. అత్తగారు కూర్చున్న చోటి నుంచే కోడలి జడ అల్లారు. మామగారు కత్తెర మొన సాపుచేశారు. నర్సమ్మగారు బుడ్డదాన్ని చంకనేసుకుని రెండో చెప్పు వెతికి పెట్టారు. తొమ్మిదికి రెండు నిమిషాలుండగా అమ్మడు ఫ్యాక్టరీ గేటు దాటింది. మిషను మీద పాదం పెట్టాక, నాకేమీ తెలియదన్నట్టు పిక్క బుద్ధిగా ఊరుకుంది. కాలరు గీత గీసినట్టు వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

మామగారు మంచం మళ్లీ బిగించారు. బిగించి ఊరుకోలేదు. కోడలికొకటి, పెళ్లానికొకటి మందమైన చెక్కలు చిత్రిక పట్టి, పాదాలు ఆనించి తన్నుకోవడానికి వీలుగా గోడకు కొట్టారు. ఇప్పుడిక ఎవరూ దుప్పట్లు నోట్లో కుక్కుకోవడం లేదు. తెల్లవారుజామున ఈ గదిలోంచి మూడు, ఆ గదిలోంచి మూడు, "వదిలిందా అత్తయ్యా?" "ఆఁ, వదిలింది, నీకో?" అని పలకరింపులు. చెక్క వల్ల చప్పుడు ఇదివరకటి కంటే ఖణీమని మోగుతోంది.

నర్సమ్మగారు రోజూ పడుకునే ముందు కొత్త చెవి మిషను తీసి, డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు.