చుక్కల గది సంతకం

కళ్ల ఆస్పత్రిలో రోగుల భద్రత కోసం నిరుడు ఒక సంతకాన్ని ప్రవేశపెట్టారు. కంటి లోపల పరీక్షించాలంటే ముందు చుక్కల మందు వేస్తారు. దాంతో నాలుగైదు గంటలపాటు రోగికి లోకమంతా మసకమసకగా, ఊళ్లో ఎండంతా తన ఒక్కడి మీదే పడ్డట్టుగా ఉంటుంది. అప్పుడు బండి నడపకూడదు. కనుక "పై సూచనలు స్పష్టంగా చదివాను, బండి నడపను" అన్న కాగితం మీద రోగి సంతకం చేయాలి. కాగితం చేతికిచ్చేది మందు వేశాకే. లేని మసకకు ముందుగా సంతకం తీసుకోవడం న్యాయం కాదని ఆస్పత్రి వకీలుగారు తేల్చారు మరి.

సంతకాలు తీసుకునే బాధ్యత చుక్కల గది నర్సుది. చాలా సంతకాలు కాగితం దాటి బల్ల మీద పడుతున్నాయని ఆమె పెద్ద డాక్టరుగారి చెవిన వేసింది. ఆయన తక్షణం చర్య తీసుకున్నారు. కాగితం సైజు పెంచారు.

సిబ్బంది సమావేశంలో ఆయన విషయాన్ని వివరించారు కూడా. "మన బాధ్యత ఎందాక? మెట్ల దాకా! ఆ మెట్లు దిగిన క్షణం నుంచీ రోగి స్వేచ్ఛాజీవి. ఆ స్వేచ్ఛకు అడ్డుపడే హక్కు వైద్యుడికి లేదు!" అందరూ చప్పట్లు కొట్టారు. ఆ స్వేచ్ఛకు తోడ్పడటానికి ఒక వాచ్‌మన్‌ను నియమించారు. తన బండి ఏదో పోల్చుకోలేని రోగిని అతను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఎక్కించి, "రానీండి, రానీండి" అంటూ రోడ్డు మీదికి సాగనంపుతాడు.

ఒకనాటి మధ్యాహ్నం రెండున్నరకు స్కూలు వ్యాను డ్రైవరు మందు వేయించుకున్నాడు. పెన్ను మూత తీయకుండానే సంతకం చేశాడు. లేచి, మేకుకు వేలాడుతున్న తెల్లకోటుకు దండం పెట్టాడు.

"వస్తానమ్మా. మూడున్నరకి పిల్లలు గేటు దగ్గర ఉంటారు."

"నేనిటున్నానన్నా," అంది నర్సు. "నడపనని ఇప్పుడేగా సంతకం పెట్టావు!"

"అది మీ ఆస్పత్రి కోసం పెట్టాను సిస్టర్. ఇక్కడ నడుపుతున్నానా ఏంటి?"

"మరి రోడ్డు మీద గోతులో?"

"ముందు సీట్లో రెండో క్లాసు పాప కూర్చుంటుంది. గొయ్యొస్తే కేకేస్తుంది. బంగారుతల్లి, ఒక్కటీ వదలదు."

నర్సు అతని చేతిలోని తాళంచెవి లాక్కుని జేబులో వేసుకుంది.

వరసలో కూర్చున్నవాళ్లు నొచ్చుకున్నారు. "పాపం, పనికి పోయేవాణ్ణి ఆపుతావేంటమ్మా? ఇరవయ్యేళ్ల అనుభవం! కళ్లు మూసుకుని నడుపుతాడు," అన్నాడొక పెద్దాయన. చూడబోతే ఆయనా మందు వేయించుకునే ఉన్నాడు. స్కూటరు తాళం వేలికి తిప్పుతున్నాడు.

పెద్ద డాక్టరుగారు పరుగున వచ్చారు. "తాళం తీసుకోమని ఏ రూల్లో ఉందమ్మా?"

"లేదు సార్. పిల్లలు ఇరవై ఇద్దరు సార్."

"సంతకం ఉందిగా!"

"ఉంది సార్. పిల్లలు కూడా ఉన్నారు."

ఆమె తాళం ఇవ్వలేదు. స్కూలువాళ్లు రెండు గంటలు ఫోన్లు చేసి, చూపున్న డ్రైవరునొకణ్ణి సంపాదించి పంపాక అతనికిచ్చింది. పిల్లలందరూ పొద్దుగూకకముందే ఇళ్లకు చేరారు.

మర్నాడు తల్లిదండ్రులు కట్టకట్టుకుని వచ్చారు. ట్యూషన్లు పోయాయనీ, ఒక పాప డాన్సు క్లాసు ఎగిరిపోయిందనీ, బాధ్యత లేని నర్సు మీద చర్య తీసుకోవాలనీ గట్టిగా అడిగారు. ఆస్పత్రి మొదలైనప్పటి నుంచీ వచ్చిన తొలి ఫిర్యాదు ఇదే. పెద్ద డాక్టరుగారు కదిలిపోయి, వాళ్ల ఎదుటే ఆమె చేత క్షమాపణ రాయించారు.

"మీ పిల్లలు ప్రాణాలతో, రెండు గంటలు ఆలస్యంగా ఇంటికి చేరినందుకు చింతిస్తున్నాను," అని రాసిందామె.

డాక్టరుగారు చదివి, "ప్రాణాలతో" అన్న మాట విషయానికి సంబంధం లేనిదని ఎర్రసిరాతో కొట్టేశారు. మిగిలిన వాక్యంతో తల్లిదండ్రులు శాంతించారు.