కిరాయి పోటీ

"భయ్యా, వీరబాబుకు ఏకగ్రీవమంట!" అని సీతయ్య రోడ్డవతలి నుంచి అరిచాడు. ఇవతల ఖయ్యూం కొత్త మైకుసెట్టు ముందు నిలబడి "హలో, హలో" అంటున్నాడు. ఆ హోరులో అతనికి "ఏదో జ్వరమంట" అని వినిపించింది.

"అరెరే! ఏ దవాఖానాల పడ్డడు?"

"జ్వరం గాదయ్యా, ఏకగ్రీవం! పోటీకి ఎవ్వడు లేడంట. ఇగ ఎలక్షనే లేదంట!"

జ్వరం అప్పుడు నిజంగానే వచ్చింది, ఖయ్యూంకి.

ములకలపల్లిలో అతనిది టెంట్‌హౌస్. ఎంపీటీసీ ఎన్నికలొస్తున్నాయని, బువ్వపెట్టే ఆటోను అమ్మేసి మైకుసెట్టు, ఐదువందల కుర్చీలు కొన్నాడు. పోటీ ఉంటేనే మీటింగు, మీటింగు ఉంటేనే సీటింగు. ఒక్క కుర్చీ కోసం ఒక్కడే నిలబడితే ఐదువందల కుర్చీల్లో కూర్చునేదెవరు?

ఇప్పగూడెం సీటుకు నామినేషన్ వేసిన వీరబాబు చిన్న కాంట్రాక్టరు. పెద్ద మనిషి అతని వెనక ఉన్నాడు, హైదరాబాద్ సారు. ఇసుక కంట్లో పడటం మనమెరిగిందే. ఈయన కన్నే మన వాగు ఇసుకలో పడింది. సీటు తన మనిషిదైతే లారీలకు అడ్డుండదని డబ్బు సంచులు పంపాడు. ఆ సంచుల లావు చూసి, పోటీ చేద్దామనుకున్న మిగతావాళ్లంతా తమ జేబులు తడుముకుని, తడబడి, ఇళ్లకు పోయారు.

"నామినేషన్లకు ఇయ్యాల్నే ఆఖరు. ఎవర్నన్న నిలబెట్టాలె," అన్నాడు ఖయ్యూం.

"నువ్వే నిలబడు," అంది అతని భార్య అమీనా బీ.

"నేను నిలబడితే టెంట్లు ఎవరు నిలబెడతరు?"

జల్దీగా ఇప్పగూడెం పోయి, మహిళా సంఘం లీడర్ జంపక్క ముందు వాలాడు. ఆమె వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది.

"నిలబడితే చాలక్కా. గెలుసుడు అవసరం లేదు. డిపాజిట్ నాది, టెంటు ఫ్రీ."

"నిలబడుడే గాని కూసునుడు లేదా? ఏంది తమ్మీ, గిది ఎలక్షనా, సత్తుపల్లి బస్సా?"

"పోటీ లేకపోతే నా కుర్చీలు మడతపెట్టుకోవాలె అక్కా" అనబోయి, మింగేశాడు. "ఊరి కోసం అక్కా" అన్నాడు.

"మా గూడెంల బోరు చెడిపోయిందని మైకుల చెప్పొచ్చునా?"

"గొంతు పోయేదాంక చెప్పు. మైకు మనదే."

జంపక్క నామినేషన్ పడింది. ఆ సాయంత్రమే ఆమె వాకిట్లో ఖయ్యూం టెంటు లేచింది. ఆ సంగతి విన్న హైదరాబాద్ సారు కూడా లేచాడు, ఉన్నచోటి నుంచి ఎగిరిపడి.

"ఇప్పపువ్వు ఏరుకునే ఆమెకు టెంటెక్కడిది, మైకెక్కడిది? వెనక ఎవడో పెద్ద ఇసుక వ్యాపారి ఉన్నాడు!" అని ఫోన్లో వీరబాబు చెవి పిండాడు. ఆ చెవి రుద్దుకుంటూ వీరబాబు ఖయ్యూం దగ్గరికి ఉరికాడు.

"జంపక్క టెంటుకు కిరాయి ఎవరిస్తున్నరు?"

"అది చెప్పొద్దన్నా, వ్యాపారం."

"అయితే నాకు దానికి రెండింతలెయ్యి!"

ఖయ్యూం రెండింతలు వేశాడు. మర్నాడు జంపక్క వాకిట్లో ఇంకో వరస పెంచాడు. వీరబాబు నాలుగింతలడిగాడు. కిరాయికి తెచ్చిన ఒకే మైకు ఆటో పొద్దున వీరబాబుకు జై కొట్టి, మాపటికి జంపక్కకు జై కొట్టింది. అమీనా బీ మాత్రం "ఈ టెంటు ఏడికో పోతున్నది" అంది. "పోనీ, కట్టిన తాడు నా చేతిలనే ఉంది" అన్నాడు ఖయ్యూం.

సారు ఇక ఆగలేకపోయాడు. కుర్చీలతో కాదు, కుక్కర్లతో కొట్టాలనుకున్నాడు. ఆ ప్రెజరుకు ఎంతటి ఓటైనా ఉడికి తీరుతుందని ఆయన లెక్క. ఎన్నికల ఫ్లయింగ్ స్క్వాడ్‌కు దొరక్కుండా వాటిమీద పేరు గానీ గుర్తు గానీ లేకుండా వ్యాన్‌లో పంపాడు. వ్యాన్ వచ్చేసరికి వీరబాబు కొత్తగూడెంలో ఉన్నాడు. తెచ్చిన కుర్రాళ్లకు ఇక్కడ ఎవరూ తెలియదు.

"ఇక్కడ పంచేదెవరండీ?" అని అడిగారు.

ఇప్పగూడెంలో ఒక పద్ధతుంది. దోమతెరలొచ్చినా, చీరలొచ్చినా, పండుగకు మేకను కోసినా, వాటాలు జంపక్క చేతిమీదుగానే పడాలి. ఆమె వేసిన వాటాకు ఎదురుచెప్పిన ఇల్లు లేదు. అందుకే ఊరంతా ఆమె ఇంటికేసి వేలు చూపింది. కుర్రాళ్లు సరుకు దింపి, పని తీరిందని వెళ్లిపోయారు. అది ఎప్పటిలాగే సర్కారు సరుకనుకున్న జంపక్క "రబ్బరు పైలం" అంటూ ఇంటికొకటి పంచింది.

మర్నాడు వీరబాబు గడపగడపకూ తిరిగి, స్క్వాడ్ వినకుండా గుసగుసగా అడిగాడు.

"అందినయా?"

"అందినయ్ బాబూ!" అంది భీమక్క.

"యాదుంచుకుంటరా?"

"ఎట్ల మరుస్తం? రోజూ పప్పు దాంట్లనేనాయె!"

ఎవరిచ్చారని అతను అడగలేదు. ఎవరిచ్చారో వాళ్లు చెప్పలేదు.

లెక్కింపునాడు వీరబాబుకు వచ్చిన ఓట్లకన్నా అతను వేయించిన కుర్చీలే ఎక్కువని తేలింది. జంపక్క గెలిచింది. గూడెంలో ఖయ్యూం టెంటు కింద డోలు మోగుతుండగా హైదరాబాద్ కారు దూసుకొచ్చింది. సారు దిగి, వీరబాబును ముందుకు తోసి, మైకు ఉన్నదని కూడా చూసుకోకుండా దానిముందే అరిచాడు.

"నా కుక్కర్లేమయ్యాయిరా?"

ఆ కేక ఊరంతా వినిపించింది. "అవి మీవా? మాకు జంపక్క ఇచ్చింది!" అన్నారు జనం.

"మీరెందుకిచ్చిన్రు సారూ?" అంది జంపక్క.

"వాగు..." అని సారు ఆగిపోయాడు. మిగిలింది జనమే పూరించుకున్నారు.

"ఇసుకకా? ఇసుక కావాలంటే వాగు గట్టున నిలబడి ఊరిని అడగాలె, మా పొయ్యి మీదికెల్లి గాదు," అంది భీమక్క. "కుక్కర్ కావాలంటే ఆగు, మూడో విజిల్ రానీ!"

"అయితే నీ వెనక ఉన్న వ్యాపారి ఎవడు?" సారు జంపక్కను నిలదీశాడు.

చూపులన్నీ టెంటు గుంజ చాటున ఉన్న ఖయ్యూం మీద పడ్డాయి. అతను చెమట తుడుచుకుని మైకు అందుకున్నాడు. "వ్యాపారి నేనే సారూ, ఇసుక గాదు, కుర్చీలు. ఏకగ్రీవమైతే కిరాయి రాదని అక్కను నిలబెట్టిన. వీరబాబన్న కాడ దినానికి కుర్చీకి పదిరూపాలు తీసుకున్న. మాఫ్ చెయ్యక్కా."

అందరికీ అంతా తెలిసిపోయింది. సారు కారెక్కాడు. జంపక్క ఖయ్యూం భుజం తట్టింది.

"ఏం ఫికర్ లేదు తమ్మీ. ఒక్క కుర్చీకి దినానికి పదిరూపాలని నాకు ఇప్పుడే తెల్సింది." జనం వైపు తిరిగింది. "అక్కలారా! బోరు బాగుచేయించినంక రెండో పని, సంఘానికి సొంత కుర్చీలు, సొంత టెంటు. పెండ్లయినా సావైనా కిరాయి లేదు!"

ఖయ్యూం కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.