ఆక్సిజన్ నింపుకుని జీపు విప్పవలెను

ఆ రోజు ఉదయం కోటేష్ రెండు కాగితాలు టైపు చేసి, తొమ్మిదిన్నర బస్సుకు ఖమ్మం వెళ్లాలనుకున్నాడు. ఒక కాగితం ఒక మనిషి బతుక్కి సంబంధించింది, రెండోది ఆటకి సంబంధించింది. రెండూ ఒకే ప్రింటర్‌లోంచి, ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. కొంప మునిగింది అక్కడే.

వైరాలోని ఓ చిన్న సర్కారు ఆఫీసులో కోటేష్ జూనియర్ అసిస్టెంట్. ఆ ఆఫీసు ముందు తొమ్మిదేళ్లుగా కదలని జీపొకటుంది. కదలకపోయినా దానికో డ్రైవరున్నాడు, బలరాం. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలు. ఇప్పుడా జీపును వేలం వేయమని జిల్లా నుంచి మాటొచ్చింది. జీపు పోతే డ్రైవర్ పోస్టూ పోతుంది, బలరాంను భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఆఫీసుకు పంపుతారు. అతని భార్య కమ్లికి వారానికి రెండుసార్లు ఖమ్మం దవాఖానాలో డయాలసిస్. అడవి అంచున పొద్దున్నే బయల్దేరితే ఖమ్మం చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, అదీ బస్సు వస్తే. ఇందులో నవ్వడానికేమీ లేదని నాకూ తెలుసు. ఏం చేయను, జరిగింది చెప్పాలి కదా.

బలరాం, కోటేష్ ఒకే తండా వాళ్లు. "వేలం పద్నాలుగు నెలలు ఆపుమని అన్ని కారణాలు రాసి పెడత కాకా, నువ్వు ఫికర్ జెయ్యకు" అని కోటేష్ మాటిచ్చాడు. మొదటి కాగితం అదే.

రెండోది కంప్యూటర్ ఆపరేటర్ జ్యోత్స్న అడిగింది. అంతరిక్షంలో పాడుబడ్డ ఓడలను కోసి, పనికొచ్చే సామాన్లు వేరుచేసే ఆట ఒకటి కోటేష్ రోజూ ఫోన్‌లో ఆడతాడు. ఆఫీసులో ఒక్క ఫైలు ముగియగా అతను ఎన్నడూ చూడలేదు. ఆటలో మాత్రం ఓడంత ఓడను విప్పే పని గంటలో కళ్లముందే పూర్తవుతుంది. ఆ కాస్త సుఖం కోసమే ఆడతాడు పాపం. అతన్ని చూసి జ్యోత్స్న కూడా మొదలుపెట్టి, మూడు రోజుల్లో పంతొమ్మిది సార్లు చచ్చింది. "అన్నా, కొత్తోళ్లు ఏం జెయ్యాల్నో జర రాసియ్యరాదా? గిట్ల చచ్చుడు నాతోని కాదు" అంది.

బస్సుకు టైమయింది. కోటేష్ హడావిడిగా "జీపు విషయంలో పాటించవలసిన పద్ధతి జతపరిచాను" అన్న నోటు కింద ఒక కాగితం పిన్ను చేసి, పైన అర్జెంట్ చీటీ అంటించి, సూపరింటెండెంట్ పిచ్చయ్య బల్ల మీద పెట్టాడు. రెండోది జ్యోత్స్న కీబోర్డు కింద దూర్చి, తపాలు సంచీతో పరుగెత్తాడు.

పిచ్చయ్యది ముప్పై రెండేళ్ల సర్వీసు. అందులో ఆయన నేర్చుకున్నది ఒక్కటే: అర్థమైన కాగితం కింది నుంచి వచ్చినట్టు, అర్థం కాని కాగితం పై నుంచి వచ్చినట్టు. అర్థమైతే కొర్రీ వేస్తాడు, అర్థం కాకపోతే సంతకం పెడతాడు. ఆ ఉదయం కాగితంలో ఒక్క ముక్క అర్థం కాలేదు. గౌరవంగా లేచి నిలబడి "వెంటనే అమలు చేయండి" అని రాసి సంతకం పెట్టాడు.

బస్సులో కోటేష్ పక్కనే బలరాం, కమ్లి కూర్చున్నారు. ఆ రోజు డయాలసిస్. "కాగితం పెట్టిన కాకా. నీ పని అయిపోయిందనుకో" అన్నాడు కోటేష్. బలరాం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అని కమ్లి తన డబ్బాలోంచి రొట్టె ముక్క తీసి ఇచ్చింది.

ఖమ్మంలో తపాలు అప్పజెప్పేసరికి జ్యోత్స్న ఫోన్.

"అన్నా, నువ్వు రాసింది చదివిన. మంచిగుంది గానీ, కమ్లి ఎవరు? ఏ లెవెల్ల వస్తది?"

"ఓర్నాయనో! అది సార్‌కు పోయే కాగితం. నీది సార్ దగ్గరుంది. జల్దీ పోయి మార్చు!"

"మార్చుడెట్ల? సంతకం అయిపోయింది. అటెండర్ లచ్చయ్య నడుముకు తాడు కట్టుకొని జీపు కాడ నిలబడ్డడు."

"తాడెందుకు?"

"తాడు లేకుంటే శూన్యంలకు కొట్టుకపోతరని నువ్వే రాసినవంట గదా. రెండో కొస వేపచెట్టుకు కట్టిండ్రు."

కోటేష్ బస్టాండుకు పరుగుతీశాడు. ఇక్కడ వైరాలో అమలు జోరుగా సాగుతోంది. కోతకు ముందు లోపలి గాలంతా వదిలేయాలని మొదటి సూచన. జీపు టైర్లలో గాలి పోయి తొమ్మిదేళ్లయింది. అయినా ఆర్డర్ ఆర్డరే కాబట్టి, పంపు తెప్పించి ముందు గాలి కొట్టించి, తర్వాత వదిలారు. ఆక్సిజన్ నిండుగా ఉండాలని రెండో సూచన. వెల్డింగ్ షాపు దస్రు సిలిండర్ తెచ్చాడు. దాంతోపాటు కట్టర్ కూడా తెచ్చాడు. ఇంకేముంది!

ఏడో సూచన దగ్గర లచ్చయ్య ఆగిపోయాడు. "చనిపోతే కంగారు పడవద్దు, కొత్త శరీరంతో మళ్లీ డ్యూటీలో చేరవచ్చు" అని ఉంది.

"సార్, కొత్త శరీరమంటే ఏంది?"

పిచ్చయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు. "నువ్వు పోతే నీ ఇంట్ల ఇంకొకరికి నౌకరీ ఇస్తరని. జర గట్టిగ రాసిండ్రు, గంతే."

లచ్చయ్య తన కోడలి పేరు కాగితం మీద రాయించుకున్నాకే తాడు బిగించాడు.

ఈలోగా జ్యోత్స్న పిచ్చయ్య దగ్గరికొచ్చింది. "సార్, అది ఫోన్ల ఆడే ఆట సార్!"

"నా సంతకం పడ్డంక ఆట ఎట్లయితది? ఆపాలంటే ఆపుమని కాగితం కావాలె. ఏది?"

జ్యోత్స్న కమ్లి కాగితం ముందుకు జరిపింది. పిచ్చయ్య చదివాడు. అక్షరం అక్షరం అర్థమైంది. వెంటనే కొర్రీ వేశాడు: "వైద్య ధ్రువపత్రం మూడు ప్రతులు జతపరచాలి."

కోటేష్ వచ్చేసరికి జీపు మూడు కుప్పలుగా ఉంది. కరిగించేవి ఒక కుప్ప, వాడుకునేవి ఒక కుప్ప, భద్రపరిచేవి ఒక కుప్ప. సూచనల్లో ఉన్నది ఉన్నట్టు చేశారు, వంక పెట్టడానికి లేదు.

నాలుగింటికి బలరాం, కమ్లి బస్సు దిగారు. బలరాం కుప్పల చుట్టూ ఒకసారి తిరిగాడు. తిట్టలేదు, అరవలేదు. "కాగితం పెట్టిన అంటివి గదరా" అన్నాడంతే. కోటేష్ ఏడ్చేశాడు.

"ఊకో బిడ్డా. అడివిల గూడ దేవుడుంటడు" అంది కమ్లి.

"దేవుడుంటడే, డయాలసిస్ మిషనుండదు" అన్నాడు బలరాం.

వారం తర్వాత జిల్లా నుంచి నాగలత మేడం తనిఖీకి వచ్చింది. కుప్పలు చూసింది, రూల్సు పుస్తకం తిప్పింది, మళ్లీ కుప్పలు చూసింది. జీపును జీపుగా వేలం వేయడానికి రూలుంది. నాలుగు వందల పన్నెండు ముక్కలైన జీపుకు రూలు లేదు. ముక్కముక్కకూ కమిటీ వెల కట్టాలి. కమిటీ కూర్చునేదాకా, ఆ బండి సంగతి తెలిసిన మనిషి వైరాలోనే ఉండి కాపలా కాయాలి.

"కమిటీ ఎన్నడు కూసుంటది మేడం?" అని అడిగాడు బలరాం.

"పోయిన కమిటీకి ఆరేళ్లు పట్టింది."

బలరాం మేడంకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ తర్వాత ఆవిడ అడిగింది: "ఇంత పద్ధతిగా విప్పడం ఎలాగో రాసింది ఎవరు?"

పిచ్చయ్య ఫ్యాను వైపు చూశాడు. జ్యోత్స్న కీబోర్డు వైపు చూసింది. కోటేష్ నేల వైపు చూశాడు. సంతోషం పట్టలేక బలరామే ముందుకొచ్చాడు.

"మా కోటేషే మేడం! నా కోసమే రాసిండు. గింత తెలివి జిల్లాల ఎవ్వరికి లేదు!"

మూడో రోజుకు ఆర్డర్ వచ్చింది. బలరాంకు అనుకున్న అడవి అంచు ఆఫీసుకే కోటేష్ బదిలీ అయ్యాడు, అక్కడి పాత బండ్లన్నీ విప్పించే పని మీద. బలరాం, కమ్లి బస్టాండుకొచ్చి బంతిపూల దండ వేసి మరీ పంపారు.

అక్కడ ఫోన్‌కు సిగ్నల్ లేదు, జీపులు మాత్రం ఇరవై మూడున్నాయి.