మూడో సీటీ

భూమన్న ఓవర్‌మన్ కాలేకపోవడానికి కారణం అతని భార్య వండిన పంజాబీ పప్పు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పరీక్ష మూడోసారికి పాసయ్యాడు. పదకొండేళ్ల సర్వీసు ఉంది. మందమర్రి బొగ్గు గనుల్లో తనకంటే మంచి షాట్‌ఫైరర్ లేడని అతనికి తెలుసు. అడ్డం వచ్చింది పప్పు ఒక్కటే.

షాట్‌ఫైరర్ అంటే బొగ్గు గోడకు రంధ్రాలు వేయించి, అందులో మందు తూటాలు కూర్చి, వత్తి అంటించి పేల్చేవాడు. పేల్చడం పెద్ద పని కాదు. పెద్ద పని లెక్క. ఆరు తూటాలు పెడితే ఆరు చప్పుళ్లు వినబడాలి. ఐదే వినబడితే ఆరోది లోపల బతికే ఉందన్నమాట. అప్పుడు దారికి రెండు వైపులా ఎర్రగుడ్డ కట్టి, కాపలా మనుషులను నిలబెట్టి, అరగంట దాకా ఎవరినీ అటు పోనివ్వకూడదు. అది రూలు.

1963 మాఘమాసంలో షాట్‌ఫైరర్ల మీద అజమాయిషీ చేసే ఒక ఓవర్‌మన్ పోస్టు ఖాళీ అయింది. ఎవరి పేరు రాయాలన్నది అండర్ మేనేజర్ మల్హోత్రా చేతిలో ఉంది. ఆయన పంజాబీ. దేశం రెండు ముక్కలైనప్పుడు తల్లిని అటువైపే పోగొట్టుకుని వచ్చినవాడు. ఒకరోజు గని బయట కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచి, అందులోని పచ్చిపులుసును చాలాసేపు చూసి, "మా అమ్మ చేతి నల్ల పప్పు తిని పదహారేళ్లైంది భూమన్నా" అన్నాడు.

"మా ఇంటికి రాండ్రి సార్. మా ఇంట్లోళ్లు వండుతరు" అన్నాడు భూమన్న.

మాట వరసకు అన్నాడు. మల్హోత్రా వెంటనే డైరీ తీసి గురువారం ఒంటిగంట అని రాసుకున్నాడు. పప్పు ఎలా వండాలో అక్కడే పది నిమిషాలు చెప్పాడు. పొట్టు తీయని మినుములు రాత్రంతా నానాలి. అల్లం, వెల్లుల్లి, ఉల్లిగడ్డ, టమాట, మీద వెన్న. భూమన్న దాన్ని డ్యూటీ ఆర్డరులా బట్టీ పట్టి ఇంటికి తెచ్చాడు.

"పొట్టు మినుములతోని పప్పా?" అంది భార్య రాజక్క. "మినుములు గారెలకైతయ్. పప్పుకు కందులున్నయ్, పెసర్లున్నయ్. గాయనకేం రోగమచ్చింది?"

"రోగం కాదే. వాళ్ల అవ్వ వండేదట. ఆమె లేదిప్పుడు."

రాజక్క లేచింది. చేట తీసుకుని మినుములు చెరగడం మొదలుపెట్టింది. ఆమె అలాంటిది.

ఆ పప్పు సన్నని సెగ మీద పూటంతా ఉడకాలని మల్హోత్రా చెప్పాడు. పూటంతా ఆగే ఓపిక భూమన్నకు లేదు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది. బొంబాయి దగ్గర భివండిలో మగ్గాల మీద పనిచేసే బామ్మర్ది ఎల్లేశం ఏడాది కిందట తెచ్చి అక్కకు ఇచ్చాడు. రాజక్క దాంట్లో నువ్వులు పోసి పెట్టుకుంది. పెట్టెలో వచ్చిన కాగితం ఇంగ్లీషులో, మరాఠీలో ఉంది. భూమన్న నిజాం కాలపు ఊరి బడిలో ఉర్దూ నాలుగో తరగతి చదివాడు. కనుక ఎల్లేశం నోటితో చెప్పి పోయిన మాటే ఆధారం. "మూడు సీటీలు కొట్టంగనే దించుడే బావా. గంతే." సగం కంటే ఎక్కువ నింపవద్దని కూడా చెప్పాడా లేదా అన్న దాని మీద తర్వాత ఆ ఇద్దరికీ ఐదేళ్లు మాటల్లేవు.

గురువారం భూమన్న సెలవు పెట్టాడు. రాజక్క పొద్దున్నే లేచి వాకిలి అలికింది. పెళ్లినాటి ఎర్రచీర పెట్టెలోంచి తీసి, వడ్డించేటప్పుడు కట్టుకుందామని దండెం మీద ఆరేసింది. మినుములు, నీళ్లు కుక్కర్‌కు మెడ దాకా పోసింది.

"గన్ని ఎందుకే?"

"గంత పెద్దసారు ఒక్కడే వస్తడా? ఎనుక నలుగురు రారా?"

బొగ్గుల పొయ్యి భగభగమంటోంది. గని కార్మికుల ఇళ్లలో బొగ్గుకు కరువు లేదు. భూమన్న ముక్కాలిపీట వాకిట్లో వేసుకుని, చేతిగడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. మొదటి సీటీ వచ్చింది. పక్కింటి సమ్మవ్వ ఉలిక్కిపడి, "ఎవలే గా ఈలలేసేది, సిగ్గులేకుంట!" అని అరిచింది. రెండో సీటీ వచ్చింది. మూడోది రాలేదు. కాసేపు లోపల సన్నగా బుస వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"ఎన్నైనయ్?" అడిగాడు భూమన్న.

"రెండు. ఉండు, సూసొస్త."

"ఆగు!"

అది ఇంట్లో వాడే గొంతు కాదు. గనిలో వాడేది. రాజక్క గడప దగ్గరే నిలబడిపోయింది.

"అది పేలలే. లోపలికి పోవద్దు."

"పేలుడేందయ్యా? పప్పది!"

"పప్పైతే ఏంది? మూడు రావాలె, రెండే ఇన్నం. అరగంట దాక ఎవ్వలు పోవద్దు. బయటికి రా."

"నీ రూలు మీద మన్నువడ! గాయన ఒంటిగంటకు వస్తుండు, ఇంక పోపు ఎయ్యలే."

భూమన్న వినలేదు. ఎర్రగుడ్డ కోసం చుట్టూ చూశాడు. దండెం మీద కనబడింది. నడిమికి చర్రున చింపి, సగం ఇళ్ల వరుసకు ఈ చివర, సగం ఆ చివర కట్టాడు. రాజక్క పోపు మాట మరిచి ఆ ముక్కలనే చూస్తూ నిలబడింది. ఎట్టకేలకు ఆమెకు రూలు అర్థమైందని భూమన్న అనుకున్నాడు.

తర్వాత వరుసలోని పది ఇళ్లూ ఖాళీ చేయించాడు. సమ్మవ్వ ఒక్కతే మొండికేసింది.

"నా కోడి పొదుగుతున్నది బిడ్డా. అది లేవకుంట నేను లేవ."

భూమన్న కోడిని గుడ్లతో సహా గంపలో ఎత్తుకొచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమెను ఆ చివర కాపలా కూర్చోబెట్టాడు. ఈ చివరకు మొగిలిని నిలబెట్టాడు. మొగిలి రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనిషి. సగం నిద్రలో లేపి చేతికి కర్ర ఇచ్చి, "పేలలే. అరగంట ఎవ్వల రానియ్యకు" అన్నాడు భూమన్న. ఏది పేలలేదని మొగిలి అడగలేదు. షాట్‌ఫైరర్ చెప్పినప్పుడు అడగడం అతనికి అలవాటు లేదు.

గనిలో దీపాలిచ్చే గదిలో పనిచేసే ఇస్తారి అప్పుడే సైకిల్ మీద అటు వచ్చాడు. ఎర్రగుడ్డ చూసి దిగాడు.

"ఏమైందే మొగిలీ?"

"మందు పేలలే. ఆగు."

"యాడ?"

"భూమన్న కాడ."

ఇస్తారి ఇంకొక మాట అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ బొగ్గు ఊళ్లో అలాంటి మాట విన్నవాడు రెండో మాట అడగడు. సైకిల్ తిప్పి గనికి తొక్కాడు. చాయ్ హోటల్ దగ్గర అతను చెప్పింది మందు పేలలేదనే. హోటల్ దాటేసరికి అది పేలింది. గని మొగదల చేరేసరికి భూమన్న పోయాడు. సైరన్ మోగింది.

వేళ కాని వేళ సైరన్ మోగితే దాని అర్థం ఒక్కటే. మందమర్రిలో పొయ్యిల మీది అన్నాలు పొయ్యిల మీదే ఉండిపోయాయి. భూమన్న కూడా విన్నాడు. అతని ముఖం తెల్లబోయింది.

"బాయిల ఏందో అయింది! మనోళ్లు దిగున్నరు!"

బాయికి, అంటే గనికి, పరుగెత్తబోయి గడియారం చూశాడు. పది నిమిషాలే అయింది. పేలనిదాన్ని విడిచి షాట్‌ఫైరర్ కదలకూడదు. అక్కడే నిలబడి, కళ్లనీళ్లు పెట్టుకుని, గడియారం చూస్తూ ఉండిపోయాడు. ఎవరి కోసం సైరన్ మోగిందో వాళ్ల కోసం ఏడ్చాడు.

అవతలి కాలనీ నుంచి అతని చిన్నమ్మ లింగవ్వ నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని, రొమ్ము బాదుకుంటూ వచ్చింది. "నా బిడ్డో! భూమన్నో! గీ రాజక్కను ఎవలికప్పజెప్పి పోతివి కొడుకా!" అంటూ ఎర్రగుడ్డ దాకా వచ్చి, దాని వెనక నిలబడి ఉన్న భూమన్నను చూసి ఆగిపోయింది.

"ఓరి నీ! బతికే ఉంటివా?"

"ఉన్న చిన్నమ్మా. నువ్వు జర ఎనుకకు జరుగు."

"గింత దూరం ఏడ్సుకుంట వస్తిగదరా! సెప్పొద్దా?" అంది లింగవ్వ. గొంతులో ఉపశమనం కంటే కోపమే ఎక్కువగా ఉంది.

గనిలో మల్హోత్రా షిఫ్టు మొత్తాన్ని పైకి రప్పించి, దిగేటప్పుడు ఒక్కొక్కరు తీసుకుపోయే నంబరు బిళ్లలు లెక్కబెట్టించాడు. ఒక్కడూ తక్కువ కాలేదు. భూమన్న బిళ్ల కొక్కేనికే వేలాడుతోంది. అప్పుడు ఇస్తారిని పట్టుకుని అడిగితే, చూసింది ఇళ్ల దగ్గరేనని తేలింది. మల్హోత్రా బయలుదేరాడు. వెనక రెండువందల మంది నల్లటి మనుషులు నడిచారు. ఆ షిఫ్టులో తర్వాత ఒక్క తట్ట బొగ్గు కూడా పైకి రాలేదు.

"భూమన్నా! ఏం జరిగింది?"

"మిస్‌ఫైర్ సార్. ఇంక నాలుగు నిమిషాలున్నయ్."

"ఎక్కడ?"

"వంటింట్ల సార్."

మల్హోత్రా రెండు చివరల్లో ఉన్న ఎర్రగుడ్డలు చూశాడు. కర్రతో మొగిలిని చూశాడు. కోడిగంపతో సమ్మవ్వను చూశాడు. నోరు తెరిచాడు. అదే క్షణాన మూడో సీటీ వచ్చింది. అప్పటిదాకా ఆగినదంతా కలిపి, రైలింజన్ కూతలా, గోడ మీదికి పప్పు చిమ్ముతూ వచ్చింది.

రెండువందల మంది నేల మీద బోర్లా పడ్డారు. మల్హోత్రా కూడా పడ్డాడు. నిలబడి ఉన్నది రాజక్క ఒక్కతే.

"ఉడికింది" అని ఆమె లోపలికి పోయింది.

మల్హోత్రా లేచి దుమ్ము దులుపుకున్నాడు. గడియారం చూశాడు. ఒంటిగంటకు రెండు నిమిషాలు తక్కువ. "పిలిచారు కదా, తినే పోతాను" అన్నాడు.

జొన్నరొట్టె, నల్ల పప్పు, మీద వెన్నముద్ద పెట్టి ఇచ్చింది రాజక్క. కట్టుకున్నది రోజూ కట్టే నేతచీరే. మల్హోత్రా ఒక ముద్ద తిన్నాడు. రెండోది నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. చాలాసేపు గోడ వైపు చూశాడు.  తర్వాత పళ్లెం ముందుకు జరిపి ఇంకొంచెం వేయమన్నాడు. మూడోసారి వేయించుకున్నాక అన్నాడు.

"భూమన్నా, షిఫ్టు పోయింది. నాకు కోపం రావాలి. కానీ ఇరవై ఏళ్లలో ఇంత పద్ధతిగా అరగంట ఆగినవాణ్ణి నేను చూడలేదు. ఇంట్లోనే ఇట్లా ఉంటే గనిలో ఎట్లా ఉంటావో! శనివారం నీ పేరే రాస్తాను."

భూమన్న లేచి నిలబడ్డాడు. అతను చేతులు జోడించేలోపు రాజక్క మాట్లాడింది. ఆమె చీర గురించి ముప్పావుగంటగా ఏమీ అనలేదు.

"బాయిల మందు పేలకుంటె గిట్ల భయపడడు సారు! మస్తు ధైర్నం. తంబాకు నలిపి నోట్లె ఏసుకునేంత సేపాగి, గంతే, పోయి చూస్తనని ఆయనే చెప్తడు. గందుకే అందరికంటె ముందుగల ఇంటికస్తడు. ఇంట్లనే గీ పిరికితనం. నా పెండ్లిచీర జూడుండ్రి!"

మల్హోత్రా చేయి పళ్లెంలో ఆగింది.

"ఎన్నిసార్లమ్మా అట్లా?"

"ఎన్నడైనా గంతే సారు" అంది రాజక్క గర్వంగా.

మల్హోత్రా రొట్టె ముక్కతో పళ్లెం శుభ్రంగా తుడిచి తిన్నాడు. చేయి కడుక్కున్నాడు. "అమ్మా, మా అమ్మ వండినట్టే ఉంది" అని ఆమెకు దండం పెట్టాడు. మిగిలిన పప్పు డబ్బాలో పోయించుకుని పోయాడు. శనివారం ఇంకొకరి పేరు రాశాడు. భూమన్నకు వేరే కాగితం వచ్చింది. ఇంకొకసారి అరగంటకు ముందు కదిలితే సర్టిఫికెట్ పోతుందని అందులో ఉంది.

నలభై రోజులు భూమన్న భార్యతో మాట్లాడలేదు. "నిన్ను పొగిడితిగదా అయ్యా" అని ఆమె ఒకసారి అంది.  కుక్కర్ మళ్లీ నువ్వుల డబ్బా అయింది. ఆ రోజు నుంచి లెక్క తప్పిన ప్రతిసారీ గనిలో అరగంట నిండుగా ఆగాడు. ఒక్కొక్క నిమిషానికి ఆమెను ఒక్కొక్క మాట అనుకుంటూ ఆగాడు. ఇంటికి అందరికంటే వెనక వచ్చేవాడు.

రెండేళ్ల తర్వాత ఒకరోజు ఏడు పెడితే ఆరే పేలాయి. బొగ్గు ఎత్తే నలుగురూ విసుక్కున్నారు.

"ఇంకెంత సేపన్నా? నువ్వు ఎనుకట గిట్ల లేకుంటివి."

"మా ఇంటిదాన్నడుగుండ్రి" అన్నాడు భూమన్న.

పద్దెనిమిదో నిమిషంలో ఏడోది పేలింది. వత్తి చెమ్మపట్టి ఉంది. తంబాకు నలిపినంతసేపు ఆగి పోయి ఉంటే భూమన్న నిలబడి ఉండే చోట నిలువెత్తు బొగ్గు కూలింది. నలుగురూ అతని వైపు చూశారు. అతను గడియారం చూసుకుని, "ఇంక పన్నెండున్నయ్" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని గడప మీద కూర్చున్నాడు.

"గా నల్ల పప్పు వండు" అన్నాడు.

రాజక్క అతని ముఖం చూసింది. "కుక్కర్లనా?"

"ఊఁ."

"మూడు సీటీలా?"

"ఎన్నైనా సరే. నేను లెక్కవెట్ట."

ఎందుకని ఆమె అడగలేదు. అతను చెప్పలేదు. 1968 వానాకాలంలో నాలుగు రోజుల జ్వరంతో రాజక్క పోయింది. ఆ నాలుగు రోజుల్లోనూ పద్దెనిమిదో నిమిషం సంగతి అతను చెప్పలేదు. కుక్కర్ అటక మీద ఉంది. అందులో ఆమె పోసిన నువ్వులే ఉన్నాయి. ఎర్రచీర రెండు ముక్కలూ పెట్టె అడుగున ఉన్నాయి.

భూమన్న ఓవర్‌మన్ కాకపోవడానికి కారణం ఆ పప్పే. ఆ మాటలో మార్పు లేదు. ఈ సంగతి మళ్లీ ఎవరూ అడగవద్దు, అడిగినా చెప్పేది లేదు.