పంటికి పెట్టిన ముహూర్తం

గురువారం ఉదయం భీమడోలు నుంచి కైకలూరు బయల్దేరేటప్పుడు రామనాథం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటల నలభై రెండు నిమిషాలకు బుల్లిరాజు కూతురు అఖిల పెళ్ళి చేయించాలి, ఒంటిగంటకు భోజనం చెయ్యాలి, మూడింటికల్లా ఇల్లు చేరి నడుం వాల్చాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్న మనిషికి ఇదేమంత పని కాదు. ఈసారి కొత్తగా వచ్చిన చిక్కల్లా ఆయన పై వరసలో ముందున్న మూడు పళ్ళు.

అందులో నడిమిది రెండు నెలల కిందట ఒక గృహప్రవేశంలో పోయింది. గడప మీద కొబ్బరికాయ కొడితే చిప్ప ఎగిరొచ్చి మూతికి తగిలింది. కాయ చక్కగా రెండు చెక్కలైనందుకు ఇంటివాళ్ళు సంతోషించారు గానీ, పన్ను కూడా రెండు చెక్కలైన సంగతి ఆయనకొక్కడికే తెలిసింది. ఏలూరులో పంటి డాక్టరు మృదుల ఆ మిగిలిన ముక్క పీకేసి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నింపాదిగా అంతా వివరించింది. పన్ను విరిగినా వేరు గట్టిగా ఉంటే దాని మీద టోపీ తొడిగినట్టు క్యాప్ వేస్తారట. అసలు పన్నే లేకపోతే, అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళనూ కాస్త అరగదీసి, మూడు పళ్ళను ఒకే ముక్కగా చేయించి ఆ రెండింటి మీద అతికిస్తారట. దాన్ని బ్రిడ్జి అంటారట. రాత్రి తీసి గ్లాసులో వేసుకునే పళ్ళ సెట్టు కాదు, ఒకసారి అతికించాక నోట్లోనే ఉంటుంది.

లేని పంటి కోసం ఉన్న పళ్ళను అరగదీయడం రామనాథానికి మొదట మింగుడు పడలేదు. ఆ తరవాత తమ ఊరి కాలవ గుర్తొచ్చింది. రెండు గట్లూ బాగుంటేనే కదా మధ్యలో వంతెన నిలిచేది అన్నాడు. అంతకంటే బాగా తనూ చెప్పలేనంది డాక్టరు. రకరకాల రంగుల నమూనా పళ్ళ పట్టీ ఒకటి తీసి ఆయన నోటి దగ్గర పెట్టి చూసి, ముప్ఫై ఏళ్ళ వక్కపొడి పుణ్యమా అని అందులో అన్నిటికంటే పసుపు పచ్చటి రంగు ఎంచింది. అసలు బ్రిడ్జి విజయవాడ ల్యాబు నుంచి వచ్చేదాకా, అరగదీసిన పళ్ళు జివ్వుమనకుండా ప్లాస్టిక్ బ్రిడ్జి ఒకటి లేత సిమెంటుతో అతికించింది.

"ఇది మళ్ళీ నేనే తియ్యాలి కాబట్టి గట్టిగా అతికించలేదండి. జీళ్ళు తినకండి, చెరకు కొరక్కండి, నాలుకతో ఆడించకండి," అంది.

జీళ్ళూ చెరకూ ఆయన మానేశాడు. నాలుక మాత్రం ఆయన మాట వినలేదు. కొత్తగా దిగిన అద్దెవాళ్ళను ఇంటి ఓనరు పలకరించినట్టు, గంటకోసారి వెళ్ళి ఆ మూడు పళ్ళనూ కదిపి వస్తూనే ఉంది.

మంగళవారం డాక్టరు ఫోన్ చేసి, అసలు బ్రిడ్జి వచ్చేసింది, బుధవారం రమ్మంది. రామనాథం పంచాంగం తెరిచాడు. కలకాలం కదలకుండా ఉండాల్సిన దేనినైనా స్థిర నక్షత్రంలో, స్థిర లగ్నంలో పెట్టాలని ఆయన ఊరందరికీ చెప్పేవాడు. ద్వారబంధానికి చూస్తాం, పునాదిరాయికి చూస్తాం, పంటికి చూడకపోతే ఎలా? గురువారం రోహిణీ నక్షత్రం దివ్యంగా ఉంది గానీ ఆ పూట తను పెళ్ళిపీటల దగ్గర ఉంటాడు. వచ్చే శుక్రవారం ఉత్తర వస్తుంది, ఆ రోజు పెట్టించుకుంటానన్నాడు.

"పెళ్ళిలో ఊడితే ఏం చేస్తారండీ?" అంది డాక్టరు.

"మంచి మాట అనండమ్మా," అని ఫోన్ పెట్టేశాడు. భార్య ఉమాకుమారి కూడా అదే అడిగింది. ఆయన సంధ్యావందనానికి లేచాడు.

ఈ పెళ్ళిలో మంత్రానికి ఉన్న విలువ మామూలుది కాదు. బుల్లిరాజు కైకలూరులో రొయ్యల చెరువుల ఆసామి, అఖిల ఆయనకు ఒక్కతే కూతురు. పెళ్ళికొడుకు గోపీచంద్‌ది ఉంగుటూరు. వాళ్ళ నానమ్మ వీరరాఘవమ్మ ఎంత చెబితే ఆ ఇంట్లో అంత. తాంబూలాల నాడు ఆవిడ కట్నాల ఊసెత్తలేదు, లాంఛనాల ఊసెత్తలేదు. మంత్రం చివరి వరసకి కూడా స్పష్టంగా వినపడాలి, సూత్రధారణ లగ్నం దాటకూడదు, ఈ రెంటిలో ఏది తప్పినా తను పీటల దగ్గర ఉండనంది. అందుకని బుల్లిరాజు తాడేపల్లిగూడెం నుంచి ఉదయ్‌కిరణ్ అనే ఈవెంట్ మేనేజర్ని పిలిపించాడు. ఆ కుర్రాడు రామనాథం ఉత్తరీయానికి చిన్న మైకు తగిలించాడు, వేదిక పక్కన గోడంత ఎల్‌ఈడీ తెర నిలబెట్టాడు, అడగకపోయినా పొగ మిషను కూడా తెచ్చాడు.

పది నలభై రెండుకు వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. మధ్యన పట్టుకున్న తెర దించారు. గట్టిమేళం మోగింది. ఉదయ్‌కిరణ్ మీట నొక్కాడు. మబ్బుల్లో పెళ్ళి జరుగుతున్నట్టు కనిపించాలని వదిలిన ఆ తెల్లటి పొగ తిన్నగా వెళ్ళి రామనాథం ముక్కులో దూరింది.

ముహూర్తం వేళ పురోహితుడే తుమ్మితే ఇంకేమైనా ఉందా? మూతి బిగించి మొదటి తుమ్మును లోపలే అణిచేశాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకుని రెండోదాన్నీ అణిచాడు. మూడోది మాత్రం ఆగలేదు. మేళం హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు గానీ, ప్లాస్టిక్ బ్రిడ్జి నోట్లోంచి ఎగిరి ఎదురుగా ఉన్న తలంబ్రాల పళ్ళెంలో పడి, పసుపు బియ్యంలో కలిసిపోయింది. డాక్టరు అంత శ్రద్ధగా కుదిర్చిన ఆ పసుపు పచ్చటి రంగు ఇప్పుడు బియ్యానికి కూడా చక్కగా కుదిరింది.

మేళం ఆగింది. తరవాతిది సూత్రధారణ. రామనాథం నాలుకతో తడుముకుంటే అక్కడ గాలి తప్ప ఇంకేం లేదు. ఈ నోటితో మంత్రం చదివితే సగం గాలే వస్తుంది. పోనీ బుల్లిరాజు చెవిలో సంగతి చెబుదామంటే ఉత్తరీయానికి మైకు ఉంది, ఏం గొణిగినా వెయ్యిమందికి వినపడుతుంది. అన్నిటికంటే ఘోరం, తన నోటి ఎంగిలి తలంబ్రాల్లో పడింది. అవి అలాగే వాళ్ళ తలల మీద పోయించలేడు, పోయించననీ చెప్పలేడు. ఉత్తరీయం ఒక కొస తీసి పళ్ళెం మీద కప్పి, నోరు మూసుకుని కూర్చున్నాడు.

పంతులుగారికి కోపం వచ్చిందనుకున్నాడు బుల్లిరాజు. పొగ వేసినందుకేనని తనే తీర్మానించి, ఉదయ్‌కిరణ్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి క్షమాపణ చెప్పించాడు. రామనాథం తల అడ్డంగా ఊపి, పళ్ళెం చూపించి, పైనుంచి ఏదో పడిందన్నట్టు వేళ్ళతో సైగ చేశాడు. ఎంత ఉంటుందో బొటనవేలూ చూపుడువేలూ కలిపి కొలత కూడా చూపించాడు.

బుల్లిరాజు మొహం పాలిపోయింది. "బల్లి పడిందాండీ?" అన్నాడు మెల్లిగా.

అబద్ధం ఆడి ఎరగని మనిషి రామనాథం. కానీ ఆ క్షణంలో పంటి కంటే బల్లి ఎంతో మర్యాదగా తోచింది. పళ్ళెం మార్పిస్తారు, కాస్త వ్యవధి దొరుకుతుంది, పరువు దక్కుతుంది. తల నిలువుగా ఊపాడు.

ఆ ఒక్క ఊపుతో మొదలైంది. బల్లి తలంబ్రాల్లో పడిందన్న మాట మొదటి వరసలో దోషమా కాదా అన్న చర్చ అయింది. అయిదో వరస దాటేసరికి రెండు బల్లులయ్యాయి. భోజనాల హాలు చేరేసరికి సాంబారులో పడ్డాయి. అప్పుడే కూర్చున్న మొదటి బంతి విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయింది. వంటవాళ్ళలో ఎవరో చురుకైనవాడు సాంబారు గంగాళం మొత్తం పెరట్లో పారబోశాడు. ఇంత జరుగుతున్నా వేదిక మీద గడియారం మాత్రం నడుస్తూనే ఉంది. లగ్నం పదకొండు యాభైకి దాటిపోతుంది.

ఈ లోపల ఉదయ్‌కిరణ్ తన తప్పు దిద్దుకోవాలనుకున్నాడు. బల్లిని తనే పట్టి చూపిస్తే బుల్లిరాజు కోపం చల్లారుతుందని, కెమెరా అతన్ని పళ్ళెం దగ్గరకు పంపాడు. రామనాథం కంగారుగా చెయ్యి అడ్డం పెట్టబోయేలోగా ఒక పెద్దావిడ ఉత్తరీయం తీసి, పళ్ళెంలో బియ్యం చేటలో పోసి ఒక్కసారి చెరిగింది. కెమెరా దగ్గరకు జరిగింది. గోడంత తెర మీద, ఒక్కొక్కటి తలుపు రెక్కంత సైజులో, మూడు పళ్ళు ప్రత్యక్షమయ్యాయి.

హాలు హాలంతా ఆ పళ్ళ వంక చూసింది. ఆ తరవాత రామనాథం నోటి వంక చూసింది.

సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది. ఇన్నేళ్ళ పేరు చేటలో పడి ఉందనిపించింది. వీరరాఘవమ్మ చేతికర్ర ఊతంగా వేదిక ఎక్కుతుంటే లేచి నిలబడి చేతులు జోడించాడు. బల్లి లేదనీ, ఆ పళ్ళు తనవేననీ, నోరు విప్పి చెప్పడానికి భయపడ్డాననీ, గాలి కలిసిన మాటల్లోనే మైకు సాక్షిగా ఒప్పేసుకున్నాడు. ఆవిడ ఏమీ అనకముందే రెండో వరసలోంచి డాక్టరు మృదుల లేచి వచ్చింది. బుల్లిరాజు ఇంటిల్లిపాదికీ ఆవిడే పంటి డాక్టరు. పంతులుగారు అసలు బ్రిడ్జి పెట్టించుకోకుండా ముహూర్తం కోసం ఎలా ఆగిపోయారో వీరరాఘవమ్మకు పూసగుచ్చినట్టు చెప్పింది. మధ్యాహ్నం దగ్గర్లో ఒక బడిలో పళ్ళ క్యాంపు ఉందనీ, సామాన్లన్నీ కారులోనే ఉన్నాయనీ, భోజనాలయ్యాక ఆయన్ని బతిమాలదామని బ్రిడ్జి కూడా వెంట తెచ్చాననీ అంది.

వీరరాఘవమ్మ వేదిక మీది గడియారం వంక చూసింది.

"పంతులుగారూ, ఇప్పుడు నడిచేది స్థిర లగ్నమేనాండీ?" అంది.

"వృషభం. స్థిరమేనండి," అన్నాడాయన తల దించుకుని.

"నక్షత్రం?"

"రోహిణి."

"నా మనవడి సంసారం నిలవడానికి పనికొచ్చిన ముహూర్తం మీ పంటికి పనికిరాదాండీ? వెళ్ళి పెట్టించుకు రండి. మేం కూర్చుంటాం."

రామనాథానికి ఆ మాటకు జవాబు ఏ శాస్త్రంలోనూ తట్టలేదు. తట్టనందుకు ఆయనకు జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. కళ్ళు చెమర్చాయి, ఈసారి పొగ వల్ల కాదు.

పెళ్ళికూతురి గదిలో, అలంకరణ కుర్చీలో ఆయన్ని వెనక్కి వాల్చారు. బ్యూటీషియన్ సువర్ణ తన గుండ్రటి లైటు నోటి మీదకు తిప్పి పట్టుకుంది. మృదుల మిగిలిన పాత సిమెంటు గీకి, దూది పెట్టి పళ్ళు ఆరబెట్టి, బ్రిడ్జిని ఒకసారి కూర్చోబెట్టి చూసింది. కింది పళ్ళకు తగలడం లేదని తేల్చుకున్నాక గట్టి సిమెంటుతో అతికించి, వేలితో అదిమి పట్టుకుంది. బయట సన్నాయివాళ్ళు తమకు వచ్చినవన్నీ వాయించారు. ఆడవాళ్ళు కొత్త బియ్యంలో పసుపూ నెయ్యీ కలిపారు. వీరరాఘవమ్మ పీటల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, అటూ ఇటూ కదలబోయిన చుట్టాలను కంటితోనే కూర్చోబెట్టింది.

పదకొండు ముప్ఫై నాలుగుకు రామనాథం వచ్చి పీట మీద కూర్చున్నాడు. సూత్రధారణ మంత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా, చివరి వరసలో కూర్చున్న చెవిటి పెద్దమనిషికి కూడా వినపడింది. గోపీచంద్ మూడు ముళ్ళూ వేశాడు. తలంబ్రాలు పోసుకున్నారు. సాంబారు లేని భోజనం అందరూ కడుపునిండా తిన్నారు. వీరరాఘవమ్మ వెళ్ళేటప్పుడు డాక్టర్ని పక్కకు పిలిచి, నాలుగేళ్ళుగా ఫోటోల్లో తను నోరు మూసుకుని ఎందుకు నవ్వుతోందో నోరు తెరిచి చూపించింది. ఎన్ని పళ్ళకు ఎన్ని గట్లు కావాలో కనుక్కుంది.

ముహూర్తం చూసి పెట్టిన పన్ను కదలదన్న మాట కొల్లేరు చుట్టూ ఊళ్ళన్నిటికీ పాకింది. క్యాప్ అయినా, బ్రిడ్జి అయినా జనం ముందు భీమడోలు వెళ్ళి, తిథీ నక్షత్రం రామనాథం చేత చీటీ మీద రాయించుకుని, ఆ తరవాతే ఏలూరు వెళ్ళడం మొదలుపెట్టారు. మృదుల కొన్నాళ్ళు వాదించి చూసి, ఆఖరికి అపాయింట్‌మెంట్ల పుస్తకం పక్కన ఒక పంచాంగం కూడా పెట్టుకుంది.

ప్రస్తుతం మూఢం నడుస్తోంది, క్లినిక్ మూడు వారాలుగా ఖాళీగా ఉంది.